పెద్ద బండిదే తప్పంటే అయిపోయిందా?

హన్మకొండల ఏ మలుపు దగ్గరనన్నా రెండు బండ్లు తాకినయంటే, జమైన జనం ముందుగాల చూసేది ఎవరు ఏ దిక్కు నుంచి వచ్చిండని కాదు, రెండిట్ల ఏ బండి పెద్దదని. సైకిల్‌కు బైకు తాకితే బైకాయనది తప్పు, బైకుకు కారు తాకితే కారాయనది, కారుకు లారీ తాకితే లారీ డ్రైవర్‌ది, ఆయన అప్పటికే దూకి ఉరికి ఉంటడు కాబట్టి ఇగ అడిగేదేం ఉండదు. ఐదు నిమిషాలల్ల తీర్పు అయిపోతది, అప్పీల్ లేదు. నేను అనేది ఏందంటే మన దగ్గర బైకులోళ్లు, కార్లోళ్లు రోడ్డు మీద దేనికి భయపడ్తరో, దేనికి అస్సలు భయపడరో, అది చాలా వరకు ఈ ఐదు నిమిషాల పంచాయితీ నేర్పిందే. లైసెన్స్ టెస్టుల ఎనిమిది అంకె తిప్పినప్పుడు నేర్చుకున్నది కాదు.

నేను వారమంతా ఆఫీసుకు బైకు మీద పోత. ఊరికో పెండ్లికో పోవాలంటే కారు తీస్త. మా కాలనీల సగం మంది గిట్లనే. అయినా చాయ్ దగ్గర ముచ్చట పెట్టినప్పుడు మాత్రం రెండు పార్టీలు అయితం. "కార్లోళ్లకు రోడ్డంత వాళ్ల నాయిన ఏపిచ్చినట్టే" అని ఒక పార్టీ, "బైకులోళ్లకు అద్దం ఎందుకున్నదో తెల్వది, సందు కనపడితే దూరుడే" అని ఇంకో పార్టీ. సోమవారం మొదటి మాట అన్న మనిషే ఆదివారం రెండో మాట అంటడు, అదీ మనస్ఫూర్తిగనే అంటడు. మనిషి అదే మనిషి. బైకు మీద ఉన్నప్పుడు ఏమన్నా అయితే జనం తన దిక్కే ఉంటరని తెలుసు, కార్ల కూసుంటే ఏమీ కాకముందే తాను ముద్దాయి అని తెలుసు, ఆ లెక్క మనసుల పెట్టుకునే ఆ హ్యాండిల్ పట్టుకుంటడు, ఈ స్టీరింగ్ పట్టుకుంటడు.

ఎండకాలంల భీమారం దాటినంక నా కండ్ల ముందట అయింది ఒకటి చెప్త. కరీంనగర్ దిక్కు నుంచి ఒక తెల్ల కారు దాని సైడ్‌ల అది వస్తున్నది, మరీ స్పీడేం కాదు. పక్క గల్లీల నుంచి ముగ్గురు పిలగాండ్లు ఒక బైకు మీద బయటికి వచ్చిన్రు, నడిపేటోడు హెల్మెట్ పెట్టుకున్నడు, అబ్బో అనుకునేరు, ఆ హెల్మెట్‌కు చెవికి మధ్యల ఫోన్ దోపుకోని మాట్లాడుతున్నడు. ఎడమ దిక్కు డోర్‌కు వచ్చి గుద్దిండు. అదృష్టం ఏందంటే మోకాళ్లు, మోచేతులు దోక్కపోయినయ్, అంతే. కారాయన దిగిండు. దిగుతుండంగనే ఎవరో లోపలికి చెయ్యి పెట్టి తాళంచెవి గుంజుకున్నరు, అది మన దగ్గర ఫస్ట్ చేసే పని, 108కు ఫోన్ కొట్టుడు తర్వాత.

"సైడ్ నుంచి చూడకుంట వచ్చిండే, నా డోర్ చూడున్రి" అని కారాయన. పాన్ డబ్బా దగ్గరున్న పెద్దమనిషి: "వచ్చిండు బాపూ, ఒప్పుకుంటం, పిలగాండ్లు. మరి నువ్వు జర చూస్కోవద్దా? నువ్వు లోపల ఏసీల ఉన్నవ్, నీకేమైంది? వానికి రక్తం కారవట్టే." ఐదు వేలు అడిగిన్రు, రెండు వేలకు తెగింది. పిలగాని ఫోన్ పలిగింది కాబట్టి పాన్ డబ్బా స్కానర్‌కు కొట్టమన్నరు, పాన్ డబ్బాయన క్యాష్ ఇచ్చిండు, అండ్ల నుంచి రెండు వాటర్ బాటిళ్ల పైసలు పట్టుకున్నడు కూడా. తాళంచెవి వాపస్ ఇచ్చిన్రు. అందరు పోయిన్రు.

ఎవ్వలూ తలెత్తి చూడనిది ఏందంటే ఆ మలుపు మీదనే కరెంటు స్తంభానికి, వేపచెట్టుకు మధ్యల మనిషి ఎత్తు ఫ్లెక్సీ కట్టి ఉన్నది, ఏదో లీడర్ బర్త్‌డేది, బర్త్‌డే అయిపోయి ఎన్ని రోజులైందో. గల్లీల నుంచి వచ్చేటోనికి రోడ్డు కనపడది, రోడ్డు మీద వచ్చేటోనికి గల్లీ కనపడది. పిలగాడు ఫోన్ మాట్లాడకుంట వచ్చినా బయటికి సగం బండి వచ్చినంకనే కారు కనపడేది. పంచాయితీ అంత ఆ ఫ్లెక్సీ నీడలనే నడిచింది.

ఇప్పుడు ఇండ్ల ఎవరు ఏం నేర్చుకున్నరో చూడండి. పిలగాండ్లు నేర్చుకున్నది, చూడకుంట వచ్చినా పైసలు వస్తయని. కారాయన నేర్చుకున్నది, ఇంకోసారి ఆగొద్దని. నాకు ఈ రెండోదే ఎక్కువ భయం. ఆ ముగ్గుర్ల ఎవనికన్నా తలకు తాకి ఉంటే, అది రాత్రి అయి ఉంటే, ఆ కారాయన లెక్కనే ఒకసారి దెబ్బతిన్న ఇంకో కారాయన అయి ఉంటే, ఆగుతడా? కేంద్రం లెక్కల ప్రకారం 2022ల దేశంల గుద్ది పోయిన కేసులల్లనే 30 వేలకు పైగ మంది చచ్చిపోయిన్రు. వాళ్లందరు జనానికి భయపడే పోయిన్రని నేను అనను, తాగినోళ్లు ఉంటరు, లైసెన్స్ లేనోళ్లు ఉంటరు, మనిషితనం లేనోళ్లు ఉంటరు. కాని ఈ భయం ఉత్తదేం కాదు. మోటారు వాహనాల చట్టం 134 సెక్షన్ల, యాక్సిడెంట్ అయితే డ్రైవర్ దెబ్బ తాకినోన్ని దవాఖానకు తీస్కపోవాలె అని రాసి, దాని పక్కనే జనం ఆగ్రహం వల్ల కుదరకపోతే తప్ప అని కూడ రాసిన్రు. చట్టం రాసినోళ్లకు కూడ మన పంచాయితీ సంగతి తెలుసన్నమాట. అట్ల పోయినా 24 గంటలల్ల దగ్గర్ల ఉన్న పోలీస్ స్టేషన్‌కు పోయి చెప్పాలె, అది కూడ అండ్లనే ఉన్నది, అది ఎంతమందికి తెలుసు?

2024 జనవరిల లారీ డ్రైవర్లు సమ్మె చేస్తే పెట్రోల్ బంకుల కాడ క్యూలు కట్టినం, గుర్తుందా. ఐపీసీ జాగల తెచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ల, మనిషి చచ్చిపోయినంక చెప్పకుంట ఉరికితే పదేండ్ల దాకా జైలు అని పెట్టిన్రు, దాని మీద. డ్రైవర్లు అన్న మాట సీదా ఉన్నది: ఆగితే జనం కొట్టి చంపుతరు, పోతే సర్కార్ లోపల ఏస్తది. ఆ ముక్క వరకు అమలు ఆపిన్రు. ఆపుడు మంచిదో చెడ్డదో పక్కకు పెడితే, రోడ్డు మీద కొట్టుడు గురించి మాత్రం ఆ రోజులల్ల ఎవ్వలూ మాట్లాడలే. బంకుల పెట్రోల్ వచ్చిందా లేదా అనే మాట్లాడుకున్నం.

సరే, బైకు దిక్కు వద్దాం. తప్పు ఎవరిదన్నది ముందే తేలిపోయిన కాడ ఇగ జాగ్రత్త ఎవరి కోసం? పోలీసు కోసం. అందుకే హెల్మెట్ ట్యాంకు మీద ఉంటది, అద్దానికి ఏలాడుతది, మోచేతికి గాజు లెక్క ఉంటది, సుబేదారి దగ్గరికి వచ్చినంక నెత్తి మీదికి ఎక్కుతది, కెమెరా దాటంగనే మళ్ల దిగుతది. ఎక్కినా బెల్టు పెట్టరు. బెల్టు పెట్టని హెల్మెట్ గుద్దినప్పుడు మనిషి కంటె ముందే ఎగిరి పోతది, మనం దాన్ని మోసుడు దండుగ. వెనుక కూసున్న ఆడమనిషికి ఉండదు, నడుమల నిద్రపోతున్న పిల్లకు ఉండదు. చట్టం ప్రకారం నాలుగేండ్లు దాటిన ప్రతి ఒక్కరికి ఉండాలె. 2022ల దేశంల రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోతే అండ్ల హెల్మెట్ లేనోళ్లు 50,029 మంది, వాళ్లల్ల 14 వేలకు పైగ మంది వెనుక కూసున్నోళ్లే. హెల్మెట్ తలకు దెబ్బ తాకే ముప్పును 69 శాతం, చావును 42 శాతం తగ్గిస్తదని ప్రపంచంల జరిగిన పరిశోధనలన్ని కలిపి చూసి చెప్పిన్రు. పంచాయితీల గెలిచినా తల పలిగేది గెలిచినోనిదే కదా.

దీనికి మన రాష్ట్రంల ఇంకో కథ. చలాన్లు జమైతయ్ జమైతయ్, ఎవ్వలూ కట్టరు. 2022 మార్చిల బైకులకు 75 శాతం మాఫీ చేసిన్రు, 2023 డిసెంబర్ల 80 శాతం చేసిన్రు. సర్కార్‌కు పైసలు వచ్చినయ్, అది నిజమే. కాని ఇప్పుడు మా ఆఫీసుల ఎవన్నన్న "చలాన్ కట్టినవారా" అని అడిగితే "తొందరేంది, ఆఫర్ రాని" అంటడు. దసరా చీరలకు ఆగినట్టు ఆగుతున్నరు.

కార్లోళ్లను ఇడిచిపెట్టిన అనుకోకండి. కారు కొన్న తెల్లారి బెల్టు మోత రాకుంట సీటు పక్కకు దోపే ఉత్త క్లిప్ కొనుక్కొచ్చెటోళ్లను చూసిన. ఆన్‌లైన్ల అమ్మొద్దని 2023ల కేంద్రం ఆర్డర్ ఇచ్చేదాక అవి బాజాప్త దొరికినయ్. ఎయిర్‌బ్యాగ్ ఉన్నది కదా అంటరు. ఎయిర్‌బ్యాగ్ బెల్టుకు తోడు పని చేసేటట్టు తయారు చేసిన్రు, బెల్టు లేకుంట ముందుకు వచ్చే మనిషికి అదే ఎదురుంగ వచ్చి కొడ్తది. ముందట ఇనుప గార్డు బిగిస్తరు, బర్రె తాకితే కారుకు ఏం కావొద్దని. అది పెట్టొద్దని కేంద్రం 2017 డిసెంబర్లనే చెప్పింది, ఎందుకంటే గుద్దుడు బలాన్ని మింగేటందుకు చేసిన ముందటి భాగాన్ని అది పని చెయ్యనియ్యది, ఎదురుంగ ఉన్న నడిచే మనిషి కాలు ఏమైతదో ఇగ చెప్పేదే లేదు. వెనుక సీట్ల బెల్టు అంటే ఇప్పటికీ నవ్వుతరు. 2022 సెప్టెంబర్ల టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ పాల్ఘర్ దగ్గర పోయినప్పుడు ఒక వారం అందరు పెట్టుకున్నరు, ఆయన వెనుకనే కూసున్నడు, బెల్టు లేదు, కారు చూస్తే చిన్నదేం కాదు. అదే ఏడాది బెల్టు పెట్టుకోక చచ్చిపోయిన 16,715 మందిల సగం మంది డ్రైవర్లు కాదు, పక్కన, వెనుక కూసున్నోళ్లు.

నడిపేటోడు బెల్టు పెట్టుకోని వెనుక అమ్మను, పిల్లలను ఊకెనే ఎందుకు కూసోబెడ్తడంటే, పోలీసు చూసేది ఆయన బెల్టునే కాబట్టి. మళ్ల అదే. ఎవరు పట్టుకుంటరు, ఎవరు తప్పంటరు. ఏం అయితది అనేది లెక్కల లేదు.

తప్పు నాది కాదు అనే ధీమా ఎంత పాడు చేస్తదో చూడాలంటే హైదరాబాద్ రోడ్డు ఎక్కాలె. జనగామ నుంచి రఘునాథపల్లి, స్టేషన్ ఘన్‌పూర్ మీదికెళ్లి వచ్చే 163 నంబర్ హైవే నాలుగు లైన్లు అయినంక ఊర్లు రెండు ముక్కలైనయ్. ఒక దిక్కు ఇల్లు, ఇంకో దిక్కు పొలం. యూ టర్న్ దూరం ఉన్న కాడ పాల క్యాన్లు కట్టుకున్న రైతు అంత దూరం పోయి తిరిగి రాడు, రాంగ్ రూట్ల అంచు పట్టుకోని వస్తడు. తప్పే. కాని కార్ల ఉన్నాయన ఏమనుకుంటడు? నా రూట్ల నేను పోతున్న, నా స్పీడ్ నాది. నాలుగు లైన్ల హైవే మీద కారుకు కేంద్రం 2018ల పెట్టిన ఎక్కువల ఎక్కువ స్పీడ్ 100. 60ల పోతున్నప్పుడు బ్రేక్ కొట్టాలె అని మెదడుకు ఎక్కే ఆ ఒక్క సెకండ్‌లనే బండి 17 మీటర్లు పోతది, బ్రేక్ పడ్డంక ఇంకో 20, సుమారు 37 మీటర్లు. 100ల అయితే 28, ఆ మీద 55, మొత్తం 80 దాటుతది, అదీ రోడ్డు పొడిగ ఉండి టైర్లు మంచిగుంటే. ఎదురుంగ వచ్చే బైకు కూడ 40ల వస్తుంటే ఆ దూరం రెండు వైపుల నుంచి కరిగిపోతది. రైట్ల ఉన్న మనిషికి ఈ లెక్కలు పని చెయ్యవు అన్నట్టు నడుపుతం.

పోలీసు రిపోర్టులు కూడ దీనికి అతీతం కాదని నా అనుమానం. 2022ల చావులల్ల 70 శాతానికి పైగ ఓవర్ స్పీడ్ కాలమ్‌ల పడ్డయ్. స్పీడ్ నిజంగనే చంపుతది, పైన చెప్పిన మీటర్లే సాక్ష్యం. కాని చీకట్ల లైట్ లేకుంట ఆగి ఉన్న లారీకి గుద్దినా ఓవర్ స్పీడే, మట్టి కుప్పకు గుద్దినా ఓవర్ స్పీడే అని రాస్తే ఆ లారీని, ఆ మట్టిని రేపటి నుంచి ఎవరు తీస్తరు?

పెద్ద బండి అసలే లేని కాడ మన తీర్పు ఎట్లుంటదో వరి కోతలప్పుడు తెలుస్తది. యాసంగి వడ్లు వచ్చినయంటే గూడెప్పాడ్ నుంచి పరకాల దాకా, ఎల్కతుర్తి దిక్కు, హుజూరాబాద్ దిక్కు, రోడ్డుకు ఒక పక్క అంత వడ్లే, మక్కలే. పగలు పసుపుపచ్చగ ఆరబోసి కాళ్లతోటి చాళ్లు తీస్తుంటరు, చూడ ముచ్చటగుంటది. మాపటికి కుప్ప చేసి నల్ల పట్టా కప్పుతరు, పట్టా లేవకుంట సుట్టూ బండరాళ్లు పెడ్తరు. నల్ల రోడ్డు, నల్ల పట్టా, లైట్ లేదు. ఎదురుంగ వచ్చే కారు హై బీమ్ కొట్టిందంటే బైకు మీద ఉన్నోనికి ఒక్క క్షణం ఏం కనపడది, ఆ క్షణంలనే ముందటి టైర్ రాయి మీదికి ఎక్కుతది.

అప్పుడు జనం ఏమంటరు? గుద్దిన బండి లేదు, పైసలు అడిగేటందుకు మనిషి లేడు, రైతును ఏమన్నా అంటే పాపం. "ఆని టైం అట్లున్నది" అంటరు. నొసటి రాత. రోడ్డు మీద ఎందుకు ఆరబోస్తరు అంటే కొనుగోలు సెంటర్‌ల మిషన్ పెట్టి తేమ చూస్తరు, 17 శాతం మించితే కాంటా కాదు, మిషన్ కోసిన వడ్లు పచ్చిగ వస్తయ్, మట్టిల పోస్తే ఆరయి, తారు రోడ్డు మీద తొందరగ ఆరుతయ్. కల్లాలు లేవు. ఉపాధి హామీల కట్టిన కల్లాల పైసలు 151 కోట్లు వాపస్ ఇయ్యాలని కేంద్రం, ఇచ్చేది లేదని రాష్ట్రం, 2022 డిసెంబర్ల ధర్నాలు కూడ అయినయ్. రాత్రి పరకాల రోడ్డు మీద బైకు పడుడుకు, తేమ మిషన్‌కు, కల్లాల కొట్లాటకు సంబంధం ఉన్నదంటే చాయ్ దగ్గర నన్ను పిచ్చోని లెక్క చూస్తరు. మేడారం పోయేటప్పుడు గట్టమ్మ తల్లి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టి మొక్కి మళ్ల కారెక్కినోళ్లల్ల బెల్టు పెట్టుకున్నోళ్లు ఎంతమందో ఒకసారి చూడండి, తల్లి మీద భారం ఏసినం కదా అని ధీమా. నేను కూడ మొక్కుత. మొక్కు మొక్కే, బెల్టు బెల్టే.

కొండగట్టు సంగతి అంత తొందరగ మర్చిపోయేది కాదు. 2018 సెప్టెంబర్ 11న ఘాట్ రోడ్డు దిగుతూ ఆర్టీసీ బస్సు లోయల పడ్డది, 60 మందికి పైగ పోయిన్రు, అండ్ల ఆడవాళ్లే ఎక్కువ. డ్రైవర్ తప్పన్నరు, ఆ డ్రైవర్ కూడ అండ్లనే పోయిండు. సీట్ల కంటె ఎంతో ఎక్కువ మందిని ఎక్కిచ్చుకున్న బస్సు ఆ ఘాట్‌కు ఎందుకొచ్చింది అన్న ప్రశ్న ఆ డ్రైవర్ ఒక్కనితోటి తెగేది కాదు.

ఇప్పుడు మీరు అడగాల్సింది నాకు తెలుసు, మా బావ అడిగిండు కాబట్టి. "అంటే ఏందిరా, పెద్ద బండోనికి బాధ్యత లేదంటవా? టన్ను పైన బరువు తోలేటోడు, వంద కిలోల బండి మీద ఉన్నోడు ఒకటేనా?" ఒకటి కాదు. కారుకు బాధ్యత ఎక్కువే, టిప్పర్‌కు అంతకన్నా ఎక్కువే. కారు ముందటి అద్దం పక్కన ఉండే పిల్లర్ ఒక బైకును మొత్తం దాచిపెట్టగలదు, బైకు సన్నగ ఉంటది కాబట్టి ఉన్నదానికంటె దూరం ఉన్నట్టు కనపడ్తది. అందుకే 2017 ఏప్రిల్ నుంచి వచ్చే బైకులకు పగలు కూడ లైట్ వెలిగే ఉండేటట్టు రూల్ పెట్టిన్రు, కార్లోళ్లకు కనపడాలని. ఆ లైట్ చూసి మనోళ్లు ఏం చేసిన్రు? ఏండ్ల తరబడి ఎదురుంగ వచ్చే ప్రతి ఒక్కడు వేళ్లు మూసి తెరిచి "లైట్, లైట్" అని సైగ చేసిండు. ప్రేమతోటే చేసిన్రు, అది వేరే విషయం.

దెబ్బ తాకినోనికి పైసలు రావాలె అనే పాన్ డబ్బా పెద్దమనిషి మాటల కూడ న్యాయం ఉన్నది. నాకు అభ్యంతరం పైసల మీద కాదు, పైసల కోసం తప్పు ఎవరిదో అప్పటికప్పుడు తేల్చుడు మీద. మోటారు వాహనాల చట్టంల ఈ రెండిటిని విడదీసిన్రు. 164 సెక్షన్ కింద తప్పు ఎవరిదని నిరూపించకుంటనే చావుకు 5 లక్షలు, పెద్ద దెబ్బకు రెండున్నర లక్షలు బండి ఓనర్‌దో ఇన్సూరెన్స్ కంపెనీదో బాధ్యత. ముగ్గురు ఎక్కిన బైకు కేసుల 2020ల సుప్రీంకోర్టు అన్నది కూడ ఇదే దారి: ముగ్గురు ఎక్కుడు రూల్ ప్రకారం తప్పు, కాని ఆ యాక్సిడెంట్‌కు అదే కారణం అయిందా అన్నది వేరే చూడాలె, ఊకెనే పరిహారం కోయొద్దు. తప్పు వేరు, కారణం వేరు. పైసలు ఇన్సూరెన్స్ చూసుకుంటే రోడ్డు మీద ఉన్న జనానికి తాళంచెవి గుంజే పని ఉండది, కారాయనకు ఉరికే పని ఉండది.

"ఇన్సూరెన్స్ అంటే ఏడాదికేడాది తిరగాలె, రెండు వేలు ఇచ్చి పోతే పీడ పోయె" అని బావ. కారాయన అనుకునేది కూడ అదే, క్లెయిమ్ పెడితే బోనస్, అంటే క్లెయిమ్ పెట్టనోళ్లకు ప్రీమియంల ఇచ్చే తగ్గింపు, పోతదని. థర్డ్ పార్టీ క్లెయిమ్‌కు, అంటే మన బండి తాకి ఎదుటోనికి అయిన నష్టానికి, ఆ బోనస్ పోదు, అది సొంత డ్యామేజ్‌కు సంబంధించింది. ఇగ బైకు దిక్కు అయితే పాత బండ్లు చాలా వాటికి ఇన్సూరెన్సే ఉండదు, 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బండితోటి ఐదేండ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి కాబట్టి ఆ ఐదేండ్లు ఉంటది, ఆ తర్వాత అది ఎప్పుడు అయిపోయిందో ఓనర్‌కే తెల్వది. బైకాయన ఒక ముసలాయనను గుద్దితే, అప్పుడు పెద్ద బండి ఆయనదే, అప్పుడు ఆయన జేబుల నుంచి పోవాలె. 75 నుంచి 150 సీసీ దాకా ఉన్న బైకుకు 2022 రేటు ప్రకారం ఏడాదికి 714 రూపాయలు, ట్యాక్స్ వేరే. ఎంపరివాహన్ యాప్‌ల బండి నంబర్ కొడితే డేట్ కనపడ్తది. ఇది చెప్తుంటే బావ ఫోన్ తీసి తన బండి నంబర్ కొట్టిండు. డేట్ ఎప్పుడో దాటింది. "ఆఫర్ ఏమన్నా ఉంటదా?" అన్నడు.